అంగుళానికి ఎంత?

చెట్టు కొట్టేశాక నేలలో మిగిలిపోయిన మొద్దును పొట్టు పొట్టు చేసే యంత్రం స్టంప్ గ్రైండర్. దాన్ని కొన్నవాళ్లు మొదటి వారంలో అడిగే ప్రశ్న ఒకటే: "మిగతావాళ్లు ఎంత తీసుకుంటున్నారు?" మన జిల్లాల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు దొరకడం కష్టం. జేసీబీ గంట రేటు ఊరందరికీ తెలుసు. రంపం మేస్త్రీ రేటూ తెలుసు. గ్రైండర్ రేటు మాత్రం ఎవరికీ తెలియదు. మీ చుట్టుపక్కల ఈ పని చేసేది బహుశా మీరొక్కరే. దాంతో కొత్తగా దిగినవాళ్లు ఆలోచించకుండా జేసీబీ రేటులో ఓ వంద తగ్గించి చెప్పేస్తారు. ఆ వంద తగ్గించిన రేటుతోనే ఏడాది తిరక్కుండా యంత్రం అమ్మకానికి వస్తుంది.

రేటు చెప్పడానికి ధైర్యం కావాలని చాలామంది అనుకుంటారు. గట్టిగా అడగగలిగినవాడికే డబ్బులొస్తాయని నమ్ముతారు. నేను ఒప్పుకోను. మీ ఒక పనిరోజు ఖరీదెంతో మీకు పైసలతో సహా తెలిస్తే, ఎదుటివాడు "అంత ఎందుకయ్యా?" అన్నప్పుడు గొంతు తడబడదు. ఆ లెక్క తెలియనివాడే ముందు తల గోక్కుంటాడు, తర్వాత తగ్గిస్తాడు. కాబట్టి ధైర్యం సంగతి పక్కన పెట్టి, కాగితం పెన్నూ తెచ్చుకోండి.

ముందు రోజు ఖరీదు

కింది అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. మీ యంత్రం ధర, మీ ఊరి కూలి, మీ బంకులో పెట్రోలు ధర వేసుకుని మళ్లీ కట్టుకోవాలి. పద్ధతి మాత్రం ఇదే.

వెనక నడుస్తూ నడిపే పెట్రోలు గ్రైండరు 4 లక్షలకు కొన్నారనుకుందాం. అయిదేళ్లు వాడి లక్షకు అమ్ముతారు. అంటే ఏడాదికి 60,000 అరుగుదల. వడ్డీ ఏడాదికి 30,000 వేసుకోండి. ముద్ర రుణం తెచ్చినా, బంగారం తాకట్టు పెట్టినా, ఇంట్లో దాచిన సొమ్మే తీసినా ఈ వడ్డీ రాసుకోవాల్సిందే. సొంత సొమ్ముకు వడ్డీ రాయనివాళ్లు లాభమనుకుని తినేది చాలాసార్లు అసలునే. బెల్టులు, బేరింగులు, ఆయిలు, సర్వీసింగు, ఇన్సూరెన్సు కలిపి 40,000. షెడ్డు అద్దె, ఫోను, కార్డులు, పగిలిన అద్దాలకూ తెగిన పైపులకూ పక్కన పెట్టే సొమ్ము కలిపి 20,000. మొత్తం 1,50,000. యంత్రం షెడ్డులో నిలబడి ఉన్నా ఇందులో చాలా భాగం ఖర్చవుతూనే ఉంటుంది.

ఈ లక్షన్నరను ఏడాదిలో ఎన్ని పనిరోజుల మీద పంచాలి? కొత్తవాళ్లు ఠక్కున 300 అంటారు. వానలు పడ్డాక నల్లరేగడిలో యంత్రం దిగబడిపోయే రోజులు తీసేయండి. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఇంటి పనులు మందగిస్తాయి. బెల్టు తెగి, విడిభాగం ఎక్కడినుంచో పార్శిల్‌లో రావాలని ఎదురుచూసే రోజులుంటాయి. ఫోను అసలు మోగని రోజులుంటాయి. కుటుంబంలో పెళ్లిళ్లూ పేరంటాలూ సరేసరి. ఇవన్నీ పోను 150 రోజులు దొరికితే చిన్న వ్యాపారానికి బాగున్నట్టే. కాబట్టి ప్రతి పనిరోజూ నెత్తిన వెయ్యి రూపాయలు పెట్టుకునే బయల్దేరుతుంది.

ఇక ఆ రోజు చేతి నుంచి పోయేది చూడండి. లీటరు 110 చొప్పున పది లీటర్ల పెట్రోలు 1,100. యంత్రాన్ని మోసుకెళ్లే టాటా ఏస్ కిరాయి 1,500. సహాయకుడి కూలి 800. కటింగ్ చక్రానికి 16 కార్బైడ్ పళ్లుంటాయి, సెట్టు 9,000, అరవై గంటల కోతకు వస్తుంది అనుకుంటే, రోజుకు మూడు గంటల కోతకు 450. మీ కూలి 1,200. అవును, మీ కూలి కూడా ఖర్చే. లాభం వేరు, కూలి వేరు. మీకు జ్వరం వస్తే మీ బదులు ఇంకొకణ్ణి పెట్టి పని చేయించగలిగితేనే అది వ్యాపారం.

ఇవి 5,050. నెత్తిన ఉన్న వెయ్యీ కలిపితే 6,050. దాని మీద 20 శాతం లాభం వేస్తే 7,260. సుమారుగా రోజుకు 7,300 రావాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పొద్దున ఏడింటికి బయల్దేరి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరితే ఆ పదకొండు గంటల్లో పళ్లు మొద్దు మీద తిరిగేది ఎంతసేపు? యంత్రాన్ని బండెక్కించాలి, దించాలి. దారి వెతుక్కోవాలి. గేటు దగ్గర సిమెంటు ర్యాంపు మీదుగా దాన్ని లోపలికి తోయాలి. మొద్దు చుట్టూ మట్టి తవ్వి రాళ్లున్నాయేమో చూడాలి. పక్కింటి కారుకు అడ్డంగా వల కట్టాలి. అయ్యాక పొట్టు ఊడ్చాలి, ఇంటాయన బయటికి వచ్చి చూసేదాకా ఆగాలి, డబ్బు తీసుకోవాలి. ఇలాంటి స్థలాలు రోజుకు మూడు తిరిగితే కోత జరిగేది మహా అయితే మూడు గంటలు. మీరు అమ్ముకునే సరుకు ఆ 180 నిమిషాలే. మిగతా ఎనిమిది గంటల ఖర్చునూ మోయాల్సింది అవే. 7,300ని 180తో భాగిస్తే నిమిషానికి దాదాపు 40 రూపాయలు.

జేసీబీ గంటకు 1,200 ఉంది కదా అని మీరు 1,100 చెప్పారనుకోండి. మూడు గంటలకు 3,300 వస్తుంది. పెట్రోలు, కిరాయి, సహాయకుడు, పళ్లు కలిపి చేతి నుంచి పోయింది 3,850. మీరు రోజంతా ఉచితంగా పనిచేసి, ఎదురు 550 ఇచ్చి వచ్చినట్టు. జేసీబీవాడు ఒకచోట దిగి ఎనిమిది గంటలు ఏకధాటిగా తవ్వుతాడు కాబట్టి అతనికి ఆ రేటు గిడుతుంది. మీది మూడు చోట్లకు తిరిగే పని.

అంగుళం లెక్కలో ఉన్న చిక్కు

అమెరికాలో ఈ పని చేసేవాళ్లు మొద్దు అడ్డుకొలతను అంగుళాల్లో కొలిచి, అంగుళానికి ఇన్ని డాలర్లని చెబుతారు. పైన ఒక కనీస చార్జీ పెడతారు. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. కస్టమర్ తన టేపుతో తానే కొలిచి చూసుకోవచ్చు, కాబట్టి నమ్మకం కుదురుతుంది. నిమిషాల లెక్క మీ పుస్తకంలోనే ఉంచండి. కస్టమర్‌కు గంట రేటు చెబితే మీరు టీ తాగినంతసేపూ ఆయన గడియారం చూస్తూ కూర్చుంటారు.

అయితే అంగుళం లెక్కలో ఒక చిక్కుంది. అడ్డుకొలత రెట్టింపయితే కోయాల్సిన చెక్క నాలుగు రెట్లవుతుంది. 12 అంగుళాల మొద్దు పైభాగం వైశాల్యం 113 చదరపు అంగుళాలు. 24 అంగుళాలదైతే 452. 36 అంగుళాలదైతే వెయ్యి దాటుతుంది. నేలకు అరడుగు ఎత్తు, నేలలోకి ఎనిమిది అంగుళాల లోతు అనుకుని, మీ యంత్రానికి 12 అంగుళాల మొద్దు 12 నిమిషాలు పట్టిందనుకుందాం. అప్పుడు 24 అంగుళాలదానికి 48 నిమిషాలు, 36 అంగుళాలదానికి 108 నిమిషాలు పడతాయి. నిమిషానికి 40 వేస్తే మొదటిది 480, రెండోది 1,920, మూడోది 4,320. అంగుళానికి పంచి చూడండి. చిన్నదానికి 40, మధ్యదానికి 80, పెద్దదానికి 120 పడింది.

అన్నిటికీ కలిపి అంగుళానికి 60 అని బోర్డు పెట్టినవాడు 36 అంగుళాల మొద్దుకు 2,160 తీసుకుంటాడు. సగం డబ్బుకు పూర్తి పని. పెద్ద మొద్దు దొరికిందని సంబరపడి, దాంట్లోనే ఎక్కువ పోగొట్టుకుంటాడు. అందుకని ఒకే అంగుళం రేటు వద్దు. కనీసం మూడు మెట్లు ఉండాలి: అడుగు లోపు, అడుగు నుంచి రెండడుగులు, ఆ పైన.

కనీస చార్జీ సంగతీ ఈ లెక్కలోనే తేలుతుంది. రోజుకు మూడు చోట్లకు వెళితే ఒక్కో చోట 2,400కు పైగా రావాలి. 2,500 అని పెట్టుకోండి. అందులో గంట కోత కలిసే ఉంటుంది. అంటే 26 అంగుళాల దాకా ఒక్క మొద్దైతే అది కనీస చార్జీలోనే వెళ్లిపోతుంది. జామచెట్టు మొద్దు ఒకటే ఉన్నవాళ్లు 2,500 అంటే ఉలిక్కిపడతారు, అది సహజమే. వాళ్లకు రెండు దారులు చూపండి. ఇరుగుపొరుగుల్లో ఇంకో రెండు మొద్దులు పోగుచేస్తే ఆ చార్జీని పంచుకోవచ్చు. లేదా ఆ వైపు వేరే పని తగిలేదాకా ఆగితే 1,500కే చేసిపెట్టొచ్చు. రెండో దారి వల్ల మీ డైరీలో కాలనీవారీగా ఒక జాబితా తయారవుతుంది. కొత్త పని ఒప్పుకోగానే ఆ చుట్టుపక్కల ఆగి ఉన్నవాళ్లకు ఫోన్ చేయొచ్చు.

కొలత ఎక్కడ, ఎలా

రంపం కోసిన పైభాగం దగ్గర కొలిస్తే మోసపోతారు. వేపకైనా మామిడికైనా మొద్దు నేలను తాకేచోట వేళ్లు విప్పారి ఉంటాయి. నేలమట్టంలో, ఆ వేళ్లతో సహా, ఎక్కువ వెడల్పు ఒకటి, తక్కువ వెడల్పు ఒకటి కొలిచి సగటు తీయండి. పైన 20 అంగుళాలున్న వేపమొద్దు నేల దగ్గర 30 ఉండటం మామూలే. మొద్దు గుండ్రంగా ఉంటే చుట్టుకొలత తీసి 3.14తో భాగించినా సరిపోతుంది. ఎత్తు కూడా చూడండి. చెట్టు కొట్టినవాళ్లు నడుం వంచడం ఇష్టంలేక రెండడుగుల ఎత్తులో కోసి వెళ్లిపోతారు. ఆ రెండడుగులూ మీ పళ్లే నమలాలి. "అరడుగు ఎత్తుకు కోయించి ఉంచండి, లేకపోతే కోత చార్జీ అదనం" అని ముందే చెప్పాలి.

ప్రతి మొద్దూ చూడ్డానికి వెళితే పెట్రోలు ఖర్చుకే సరి. వాట్సాప్‌లో మూడు ఫోటోలు అడగండి. మొద్దు మీద లీటరు నీళ్ల సీసా నిలబెట్టి ఒకటి, పక్కనున్న గోడా గట్టూ కనిపించేలా ఒకటి, గేటు నుంచి మొద్దు దాకా దారి కనిపించేలా ఒకటి. సీసా వల్ల కొలత అంచనాకు వస్తుంది. గేటు వెడల్పు టేపుతో కొలిచి చెప్పమనండి. యంత్రం పట్టదని గేటు ముందుకు వెళ్లాక తెలిస్తే ఆ రోజు కిరాయి మీ నెత్తినే.

ఏ చెట్టన్నదీ అడగాలి. కొబ్బరి చెక్క మెత్తనే కానీ పీచు చక్రానికి చుట్టుకుంటుంది, ఆపి తీస్తూ ఉండాలి. తాటి ఇంకా మొండిది. చింత, నల్లతుమ్మ ఎంత గట్టివో చెప్పక్కర్లేదు. మాంసం కొట్టే మొద్దుకు చింతనే ఎందుకు వాడతారో తెలిసిందే కదా. ఎండి రాయిలా అయిన మొద్దు కన్నా పచ్చిమొద్దు సులువుగా తెగుతుంది. ఏ చెట్టుకు ఎంత పెంచాలో నేను చెప్పే అంకె కన్నా మీ పుస్తకం చెప్పే అంకె మేలు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, చెట్టు పేరు, అడ్డుకొలత, పట్టిన నిమిషాలు, నేల రకం, మార్చిన పళ్లు రాసుకుంటూ పొండి. ముప్పై పనులు దాటేసరికి మీ రేటు కార్డు మీ చేతిలో ఉంటుంది.

పళ్లను అరగదీసేది చెక్క కన్నా ఎక్కువగా మట్టీ ఇసుకా. వాటికన్నా ప్రమాదం ఇనుము. వీధి ముందున్న వేపకు ఏళ్ల తరబడి బ్యానర్లూ లైట్లూ కట్టి కొట్టిన మేకులుంటాయి. రావిచెట్టు చుట్టూ సిమెంటు గట్టు ఉంటుంది, దాంట్లో చువ్వలుంటాయి. ఈ విషయంలో నా పద్ధతి ఇది: సహజంగా నేలలో ఉండే చిన్న రాయికి మనమే నష్టం భరించాలి, అది ఈ వృత్తిలో భాగం. మనిషి పెట్టిన మేకూ చువ్వా సిమెంటూ తగిలి పన్ను విరిగితే పంటికి 600 చొప్పున కస్టమర్ ఇవ్వాలి. ఇది పని మొదలుపెట్టకముందే రాతలో ఉండాలి. పన్ను విరిగాక చెబితే తగాదా అవుతుంది.

బోరు కేబులు, మంచినీళ్ల పైపు, సెప్టిక్ ట్యాంకు ఎటున్నాయో ఇంటివాళ్లనే చూపించమనండి. ఇంటింటికీ గ్యాస్ లైన్లు వేసిన కాలనీల్లో ఇంకా జాగ్రత్త కావాలి. కోనసీమలో కొబ్బరితోటల కింద గ్యాస్ పైపులైన్లు పోతున్నాయి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను పేలి ఎందరు చనిపోయారో అక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. పైపులైను గుర్తురాయి కనబడిన చోట ఎంత డబ్బిచ్చినా యంత్రం దించకండి.

ఏ పని వదులుకోవాలి

ఎకరం కొబ్బరితోట తీసేస్తున్నారు, సుమారు 70 చెట్లు, అన్నీ మీకే ఇస్తామంటారు. నోరూరుతుంది. కానీ కొబ్బరికి తల్లివేరు ఉండదు. జేసీబీ బకెట్‌తో నెడితే బుడ్డతో సహా లేచి వస్తుంది. ఖాళీ పొలంలో జేసీబీతో పోటీ పడి మీరు నెగ్గలేరు. జామాయిలు తోటలో మోళ్లు తీయడమూ అంతే. ఇల్లు కట్టబోయే స్థలంలో పునాది పడేచోట ఉన్న మొద్దు కూడా మీది కాదు. గ్రైండరు పైన ఉన్నదే పొట్టు చేస్తుంది, కింద వేళ్లు అలాగే ఉంటాయి. అవి కుళ్లాక నేల దిగుతుంది. "ఇది జేసీబీ పనండీ" అని చెప్పి, తెలిసిన జేసీబీ అతని నంబరు ఇవ్వండి. అతను కాంపౌండు గోడ పక్క మొద్దుల దగ్గరకొచ్చి ఆగిపోయినప్పుడు మీ నంబరు ఇస్తాడు.

మీరు నెగ్గేది ఆ గోడ పక్కనే. టైల్స్ పరిచిన పెరడు, అపార్టుమెంటు పార్కింగు, గుడి ప్రాకారం, నాలుగడుగుల సందు, పచ్చిక వేసిన గేటెడ్ కమ్యూనిటీ, ఇలాంటి చోట్ల జేసీబీ వస్తే గేటు తీయాలి, టైల్స్ మళ్లీ వేయాలి, బావిలాంటి గొయ్యి పూడ్చాలి. కస్టమర్ మీ 4,320ని జేసీబీ 1,200తో పోలిస్తే విసుక్కోకండి. జేసీబీ రానుపోను చార్జీ, గొయ్యికి ట్రాక్టరు మట్టి, గోడ మరమ్మతు కూడా కలిపి కట్టి చూపించండి. పోల్చడానికి ఆయనకు ఉన్న అంకె ఒకటే. మిగతావి అందించాల్సింది మీరు.

కొబ్బరి పెరట్లో ఇంకో సంగతి కూడా చెప్పొచ్చు. కుళ్లుతున్న కొబ్బరి మొద్దుల్లో కొమ్ము పురుగు పెరుగుతుంది, అది బతికున్న చెట్ల మొవ్వు తింటుంది. గానోడెర్మా తెగులుతో పోయిన చెట్టు మొద్దును తోటలో ఉంచేస్తే పక్క చెట్లకు పాకే ప్రమాదం ఉంది. ఇవి భయపెట్టి డబ్బు గుంజడానికి కాదు, నిజాలు. కొబ్బరి పండించేవాళ్లకు మీ కన్నా బాగా తెలిసినవి కూడా. తెగులు మొద్దు పొట్టును మాత్రం అక్కడే వదలకుండా తీసేయాలి, ఆ ఖర్చు రేటులో వేసుకోవాలి.

రోడ్డు పక్క మొద్దు ఇంటాయన తీయమన్నా ఆ మొద్దు ఆయనది కాదు. మున్సిపాలిటీదో, పంచాయతీదో, ఆర్ అండ్ బీదో అయి ఉంటుంది. చెట్టు కొట్టే పని కూడా మీరే ఒప్పుకుంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఉందో లేదో చూడండి. అనుమతి తెచ్చుకునే బాధ్యత కస్టమర్‌దే అని రాతలో పెట్టుకోండి.

బేరం వచ్చినప్పుడు

మన దగ్గర బేరం ఆడకుండా ఎవరూ డబ్బివ్వరు. ఆడనివ్వండి. రేటు మాత్రం ఊరికే తగ్గించకండి, తగ్గించాల్సి వస్తే పని తగ్గించండి. రిటైరైన మాస్టారొకరు పెరట్లో 36 అంగుళాల నిద్రగన్నేరు మొద్దు ముందు నిలబడి అడిగారనుకోండి.

"ఏం నాయనా, 4,300 మరీ ఎక్కువ. 3,000కి చేసేయరాదూ?"

"చేస్తాను మాస్టారూ. కాకపోతే 3,000కైతే నాలుగంగుళాల లోతే దిగుతానండి. గడ్డి వేసుకోడానికి అది చాలు. మళ్లీ చెట్టు పెట్టాలంటే మాత్రం చాలదు. మీరు అక్కడ ఏం చేద్దామనుకుంటున్నారో చెప్పండి."

ఇందులో మీరు నష్టపోయింది లేదు. ఎనిమిది అంగుళాల బదులు నాలుగే దిగితే 108 నిమిషాల పని 77కి తగ్గుతుంది. 40 చొప్పున 3,080. మాస్టారికి బేరం దొరికింది, మీ నిమిషం రేటు అలాగే ఉంది. పైగా ఆయనకు ఏం కావాలో అడిగారు, అది చాలామంది అడగరు. ఏమీ తగ్గించకుండా మొదటి మాటకే 1,300 వదిలేస్తే, ముందు చెప్పింది దొంగ రేటేనని మీరే ఒప్పుకున్నట్టు.

పొట్టు ఎత్తడం ఎప్పుడూ వేరే వరుసలో రాయాలి. మొద్దు పొట్టయ్యాక ముందున్న దానికన్నా ఎక్కువ చోటు పడుతుంది, చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. ఒక పెద్ద మొద్దుకే ట్రాలీ నిండొచ్చు. చాలామంది పొట్టును మొక్కల మొదళ్లలో పరుచుకుంటారు, అప్పుడు మీకు మోసే పని తప్పుతుంది. అయితే పచ్చిపొట్టును మట్టిలో కలిపితే కుళ్లేటప్పుడు అది నేలలోని నత్రజనిని లాగేస్తుందని, పైన పరవడమే మంచిదని చెప్పండి. అది ఉచిత సలహా. ఇలాంటి సలహాల వల్లే మీ నంబరు పక్కింటికి వెళుతుంది.

ఒప్పుకున్నది ఫోన్ మాటగా ఉంచకండి. ఇలా ఒక్క మెసేజ్ చాలు: "వేపమొద్దు ఒకటి, సగటు 26 అంగుళాలు, లోతు 8 అంగుళాలు, 2,500. పొట్టు మీ దగ్గరే ఉంటుంది. ఎత్తాలంటే 800. సిమెంటు, ఇనుము తగిలితే పంటికి 600. అడ్వాన్సు 500, మిగతాది పని చూశాక, యంత్రం బండెక్కించకముందు." చివరి మాట మరిచిపోవద్దు. బండి వీధి మలుపు తిరిగాక "రేపు ఫోన్‌పే చేస్తా" అన్న డబ్బు కోసం మళ్లీ పెట్రోలు పోసుకుని రావాల్సి ఉంటుంది.

బంధువుల మొద్దుల గురించి ఒక్క మాట. మేనమామ పెరట్లో ఉచితంగా చేయాల్సి వస్తే చేయండి, అయితే పెట్రోలు, పళ్లు, సహాయకుడి కూలి మాత్రం తీసుకోండి. మీ కూలీ లాభమూ వదులుకోవడం మీ ఇష్టం. సహాయకుడి కూలి వదిలే హక్కు మీకు లేదు.

మీకు ఎక్కువ పని తెచ్చేది రంపం మేస్త్రీలు. చెట్టు కొట్టినవాడినే ఇంటివాళ్లు "మొద్దు సంగతేంటి?" అని అడుగుతారు. వాళ్లకు నూటికి పది ఇవ్వండి, అది రేటు కార్డులోనే కలుపుకోండి. అపార్టుమెంటు సంఘాలూ కాంట్రాక్టర్లూ జీఎస్టీ బిల్లు అడుగుతారు. సేవల వ్యాపారంలో ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మన రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన ఉదాహరణలో 150 రోజులకు వచ్చేది 11 లక్షల లోపే. పెద్ద కాంట్రాక్టరు టీడీఎస్ పట్టుకుంటే దాన్ని నష్టమనుకుని రేటు పెంచకండి. రిటర్ను వేస్తే అది మీ ఖాతాకే లెక్కవుతుంది.

రేటు సరిగా ఉందో లేదో తెలుసుకోడానికి ఒక గుర్తు ఉంది. అడిగినవాళ్లందరూ మారుమాట లేకుండా సరే అంటున్నారంటే మీ రేటు తక్కువ. పదిమందిలో ఇద్దరు ముగ్గురు వద్దని వెళ్లిపోతే కంగారుపడకండి. ఏటా ఏప్రిల్‌లో పుస్తకం తీసి రోజు ఖరీదు మళ్లీ కట్టండి. గడిచిన ఏడాది 150 అనుకున్న రోజులు 110 దగ్గరే ఆగితే, నెత్తి ఖర్చు వెయ్యి నుంచి 1,360కి పెరిగిందన్నమాట.

తుఫాను తర్వాత

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ రోడ్లన్నీ చెట్లే. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరిని నేలమట్టం చేసింది. కోస్తాలో ఈ వ్యాపారం చేసేవాళ్లకు ఇలాంటి రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఫోను ఆగకుండా మోగుతుంది, మూడింతలు అడిగినా ఇస్తారు.

ముందు పని సంగతి. తుఫానుకు వేళ్లతో పెకలి పడిపోయిన చెట్టు వేరు, కోసిన మొద్దు వేరు. పడిన చెట్టు కాండం కోయగానే వేళ్ల దిమ్మ ఒక్కసారిగా వెనక్కి లేచి గొయ్యిలోకి పడొచ్చు. దాని పక్కనున్న మనిషి నలిగిపోతాడు. ఆ దిమ్మ నిండా మట్టీ రాళ్లూ ఉంటాయి, పళ్లు గంటలో పోతాయి. దాన్ని జేసీబీతో సరిచేయించాకే మీరు వెళ్లండి. మొదటి రోజుల్లో దారులు తెరిచేది రంపాలూ జేసీబీలే. మీకు పని వచ్చేది ఆ తర్వాత వారాల్లో, జనం పెరళ్లు సర్దుకునేటప్పుడు.

ఇక రేటు. పెట్రోలు దొరక్క ఎక్కువ పెట్టి కొంటే అది కలపండి. సహాయకుడికి రెట్టింపు కూలి ఇస్తే అదీ కలపండి. చుట్టు తిరిగి వెళ్లాల్సి వస్తే కిరాయి పెంచండి. నిమిషం రేటును మాత్రం కదపకండి. ఇల్లు కూలినవాళ్ల దగ్గర తుఫాను రేటు తీసుకున్నవాణ్ణి ఆ ఊరు మళ్లీ పిలవదు, పిలవకపోవడమే న్యాయం.